పట్టపగలు పాసైన లైట్లు

పశువుల షెడ్డులో లైట్లు బాగున్నాయని సంతకం పెట్టమంటూ ఎవరైనా మీ దగ్గరికి కాగితం తెస్తే, ముందు గడియారం చూసుకోండి. పగలైతే ఆ కాగితం తెచ్చినవాడి మొహాన కొట్టండి. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పశువైద్యులకు నేను చెప్పదలచుకున్నది నిజానికి ఇంతే. ఆ కాగితాన్ని మొహాన కొట్టకుండా, జేబులోంచి పెన్ను తీసి నేను సంతకం ఎందుకు పెట్టానన్నదే మిగతా అంతా. రిటైరై నాలుగేళ్ళయింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. బీపీ మాత్ర వేసుకుని మరీ రాయడానికి కూర్చున్నాను.

నా ఆఖరి పోస్టింగు భీమడోలు దిగువన, కొల్లేరు ఒడ్డు పల్లెలకి. కాపురం ఏలూరులో. పొద్దున్నే పాసింజరెక్కి వెళ్ళడం, సాయంత్రం ఐదున్నర బండికి తిరిగి రావడం. పేరుకి డాక్టర్నే గాని నా ఉద్యోగాన్ని నడిపింది ఆ రైలు. తొమ్మిదికీ ఐదుకీ మధ్య గేదెలు ఎలా ఉంటాయో నాకు బాగా తెలుసు. ఐదు దాటాక అవి ఏం చేస్తాయో మాత్రం పుస్తకంలో చదివిందే.

ఆ రోజుల్లో మాకో పథకం వచ్చింది. తాటాకు పాకల్లో గేదెలు పెంచుకుంటున్న ఆరుగురికి సిమెంటు గచ్చు, రేకుల కప్పు, కరెంటు లైట్లతో నమూనా షెడ్లు కట్టించాలి. కట్టించే పూచీ ఇంజనీరుది. కట్టింది పశువులకి పనికొస్తుందో లేదో తేల్చే పూచీ నాది. ఇంజనీరు తాడేపల్లిగూడెం నుంచి మోటారు సైకిలు మీద వచ్చేవాడు. కలుపుగోలు మనిషి, నవ్వుతూ మాట్లాడేవాడు. అలాంటివాళ్ళతోనే జాగ్రత్తగా ఉండాలని నాకు ఆలస్యంగా తెలిసింది.

ఒక రోజు ఆయన రెండు రకాల లైట్లు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఒకటి మామూలు చిన్న బల్బు, పైన గిన్నెలాంటి రేకు మూత. అలాంటివి షెడ్డుకి ఆరేడు, ఎత్తులో వరసగా కట్టాలి. వైరింగు పని ఎక్కువ. రెండోది ఫోకస్ లైటు. కైకలూరు వైపు చేపల చెరువుల గట్ల మీద దొంగల భయానికి స్తంభాలకి బిగిస్తారే, అది.

“డాక్టరు గారూ, గట్టు మీద ఇదొక్కటి ఎలిగిస్తే ఎకరం చెరువు తెల్లారినట్టు కనపడుద్దండి. మన షెడ్డెంతండీ, నలభై అడుగులు. ఎనక గోడకి ఒకటి బిగించేస్తే గొడవొదిలిపోద్ది,” అన్నాడు.

ప్లగ్గులో పెట్టి వెలిగించాడు. గదంతా తెల్లగా అయిపోయింది. మా అటెండరు కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని, “భలే ఉందండీ,” అన్నాడు. కళ్ళు మూసుకుని మరీ మెచ్చుకుంటున్నాడే, ఎందుకు మూసుకున్నాడని నేను అడగలేదు. “ఇదే పెట్టండి,” అన్నాను. టీ చల్లారే లోపల ఆరు షెడ్ల లైట్లు తేలిపోయాయి.

అప్పటికి ముప్పై ఏళ్ళ సర్వీసు నాది. వెలుతురు నుంచి చీకటికి, చీకటి నుంచి వెలుతురుకి గేదె కన్ను సర్దుకోవడానికి మన కంటికన్నా ఎక్కువసేపు పడుతుందని చదివినవాణ్ణి. నేల మీద నల్లటి నీడ పడితే పశువు దాన్ని గొయ్యి అనుకుని ఆగిపోతుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. ఆ బల్ల దగ్గర అందులో ఒక్క ముక్క గుర్తు రాలేదు. బుద్ధి గడ్డి తినడం అంటే అదే.

ఆ ఆరు షెడ్లలో ఒకటి కొల్లేరు గట్టుకి దగ్గరి పల్లెలో ఒకావిడది. యాభై దాటిన మనిషి. భర్త చేపల చెరువుల కాపలాకి వెళ్తే వారానికోసారి ఇంటికొచ్చేవాడు. గేదెల పని మొత్తం ఆవిడదే. సొంతానివి నాలుగు. వాటికి తోడు ఊళ్ళోవాళ్ళు తమ పెయ్యలను ఆవిడకి వాటాకి అప్పగించేవారు. ఆవిడ మేపి, చూడి కట్టించి, ఈనాక చెరి సగం. ఆ ఊళ్ళో చాలామందికి పశువులున్నాయి, కాని పెయ్యను ఇంకొకరికి ఇవ్వాలంటే మాత్రం అందరూ ఆవిడ గుమ్మంలోకే వెళ్ళేవారు. ఆవిడ చేతిలో పెడితే పశువు చెడదని నమ్మకం. ఆ నమ్మకం మీదే ఆ ఇల్లు గడిచేది. ఈ సంగతి గుర్తుంచుకోండి, నేను పాడుచేసింది దాన్నే.

షెడ్డు తనిఖీకి పదకొండున్నరకి వెళ్ళాం. మే నెల ఎండ. కరెంటు ఇచ్చి అప్పటికి నాలుగు రోజులైంది. ఇంజనీరు స్విచ్చి వేశాడు. లైటు వెలిగిందో లేదో తెలుసుకోవడానికి నేను దాని కిందికి వెళ్ళి తలెత్తి చూడాల్సి వచ్చింది. వెలిగింది. రిజిస్టరులో ‘వెలుతురు సంతృప్తికరం’ అని రాసి సంతకం పెట్టాను. నడినెత్తిన సూర్యుణ్ణి పెట్టుకుని షెడ్డులో వెలుతురు బాగుందని రాసిన మొనగాణ్ణి నేను. ఒక్కణ్ణే కాదు, మా వాళ్ళందరం అలాగే రాసేవాళ్ళం. లైట్ల తనిఖీ అంటే మధ్యాహ్న భోజనానికి ముందు చేసే పని అనే అనుకునేవాళ్ళం.

బయల్దేరబోతుంటే ఆవిడ చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడింది.

“డాక్టరు గారూ, ఒక్కసారి దీపాలేళకి వచ్చి చూడండి. గేదెలు కాలవ నుంచి వచ్చేది అప్పుడే కదండీ. లోపలికి అడుగెట్టట్లేదండి.”

“కొత్త షెడ్డు కదమ్మా, అలవాటవుతాయి.”

“అలవాటు కాదండీ. ఆ లైటు తిన్నగా కళ్ళల్లో కొడతందండి. నాకే గుమ్మంలో ఏవీ అగపడట్లేదు. వాటికేం అగపడుద్దండీ?”

సాయంత్రం దాకా ఉంటే నా బండి పోతుంది. అందుకని, “చూద్దాంలేమ్మా,” అన్నాను. చూడలేదు.

వానలు పడ్డాయి. చేలు ఈనే రోజులొచ్చాయి. వరికి పట్టిన సుడిదోమ ఆ తెల్లటి వెలుతురు కోసం చేల మీంచి మబ్బులా వచ్చి షెడ్డులో పడేది. గాడిలో గడ్డి మీద దోమ, పాల బిందెలో దోమ. గేదెలు ముక్కులు ఎగబీలుస్తూ మేత మానేసేవి. ఇదంతా నాకు మా అసిస్టెంటు చెప్పింది. పశువులకి టీకాలు, కట్లు చూసే అమ్మాయి, ఆ పక్క ఊళ్ళోనే ఉండేది. సాయంత్రం వెళ్ళి చూసింది తనే. ఆ ఫోకస్ లైటుకి జానెడు ఎడంగా పాత గోనె సంచి వేలాడదీయించింది. నూనె డబ్బా కోయించి మూతలా చేసి, రెండు చిన్న పసుపు బల్బులు దూలానికి ఎత్తుగా కట్టించింది.

“సార్, నీడలు పోయాయండి. దోమ కూడా తగ్గిందండి. గేదెలు వాటంతట అవే లోపలికెళ్ళి నిలబడుతున్నాయండి. ఒక్క తొలిచూలుదే ఇంకా బెదురుగా ఉందండి. దాన్ని పాత పాకలోనే కట్టుకోమన్నాను,” అని చెప్పింది.

“మంచి పని చేశావమ్మా,” అన్నాను. నా ఉద్యోగం తను చేసినందుకు తనని మెచ్చుకున్నాను. సిగ్గు అనిపించాల్సిన చోట సంతోషం అనిపించింది.

తర్వాత కొన్నాళ్ళకి షెడ్లు చూడటానికి పై అధికారి వస్తున్నారన్నారు. పొద్దున్న పదింటికన్నారు. పన్నెండన్నారు. మూడన్నారు. ఆయన ఏలూరులో ఏదో మీటింగులో చిక్కుకుని, కారు ఆ పల్లెలోకి వచ్చేసరికి ఆరు దాటి దీపాలు పెట్టే వేళయింది. నా బండి ఎటూ పోయింది. ఆ షెడ్డుని ఆ వేళప్పుడు నేను చూడటం అదే మొదటిసారి. అధికారి వచ్చాడు కాబట్టి చూశాను. గేదెల కోసం ఉండలేకపోయాను గాని కారు కోసం ఉన్నాను.

ఆయన కారు దిగకముందే ఇంజనీరు గోనె సంచి చూసి అదిరిపడ్డాడు.

“ఇదేవిటండీ డాక్టరు గారూ, గవర్నమెంటు లైటుకి గోనె కట్టేరేంటండీ? ఫొటోలో పడితే నా పనయిపోద్దండి.”

నా వంక చూశాడు. మా అసిస్టెంటూ నా వంకే చూసింది. ఆవిడా అంతే. ముగ్గురూ నేనేం చెబుతానా అని నిలబడ్డారు. అక్కడ మాట చెల్లేది నాది. పశువులకి ఏది మంచో చెప్పడానికే నాకు జీతం.

“తీయించండి,” అన్నాను.

“సార్, చూడివి ఉన్నాయండి,” అంది మా అసిస్టెంటు.

“పది నిమిషాలేనమ్మా. ఫొటో అయ్యాక మళ్ళీ కట్టుకోండి.”

గోనె తీశారు. గుమ్మంలో నిలబడితే అప్పుడు తెలిసింది. ఎదుటి గోడ మీంచి లైటు కళ్ళలోకి గుచ్చుతోంది. గచ్చు మీద స్తంభాల నీడలు నల్లగా, అడ్డంగా, ఒకదాని వెనక ఒకటి, తవ్విన కాలవల్లా పడి ఉన్నాయి. వాటి మధ్య నేల తళతళలాడుతోంది. మనిషినై ఉండి నేనే మొదటి అడుగు తడుముకుంటూ వేశాను. అప్పుడైనా నోరు విప్పచ్చు. విప్పలేదు.

గాటన ఉన్న గేదెలను చూసి అధికారి తృప్తిపడ్డాడు. వెనక్కి తిరిగేసరికి పాకలో కట్టిన తొలిచూలుది కనపడింది.

“అదెందుకు బయటుందండీ? షెడ్డు కట్టించింది ఎందుకు? అన్నిటినీ లోపల కట్టాకే ఫొటో తియ్యండి.”

“అది చూడిదండీ. తొమ్మిదో నెల దాటిందండి. అది లోపలికి రాదండీ, బెదురు,” అంది ఆవిడ.

“గేదె మాట మనం వినాలా, మన మాట గేదె వినాలా?” అని ఆయన నవ్వాడు. ఇంజనీరు నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకున్నప్పుడల్లా నన్ను నేనే లాగిపెట్టి కొట్టుకోవాలనిపిస్తుంది.

దాన్ని తీసుకొచ్చారు. గుమ్మంలో ఆగిపోయింది. తల కిందికి దించి నీడను వాసన చూసింది. ఆవిడ పలుపు వదులుగా పట్టుకుని, “ఉండండీ, తోలకండీ, దాన్ని నిలబడనివ్వండీ,” అంటూనే ఉంది. కారుతో వచ్చినవాళ్ళలో ఎవడో వెనక నుంచి తోక మెలిపెట్టాడు. అది ఒక్కసారి ముందుకి దూకింది. నీడ చారను దాటాలని దూకింది పాపం, అక్కడ కాలవ ఉందనుకుని. వెనక కాళ్ళు రెండూ చెరో పక్కకీ పోయాయి. కూలబడింది. మళ్ళీ లేవలేదు.

నేను మోకాళ్ళ మీద కూర్చుని తుంటి చూశాను. చేత్తో తడిమితేనే తెలిసిపోయింది, కీలు తప్పింది. అప్పుడే గచ్చు కూడా తడిమాను. ఆవిడ పొద్దున్న కడిగి, ఆరబెట్టి, పల్చగా ఊక చల్లింది. పొడిగా ఉంది. నా అరచేతికి ఊక అంటుకుంది.

నాలుగు రోజులు ప్రయత్నించాం. కింద గడ్డి పరిచి, పూటపూటకీ పక్క మార్చి, ఊళ్ళోవాళ్ళ సాయంతో గోనెలు కలిపి కుట్టిన పట్టీ వేసి ఎత్తి చూశాం. మూడో రోజు దూడను బయటికి తీశాను. పెయ్య దూడ. ఊపిరి లేదు. ఐదో రోజు తెల్లారకముందే తల్లీ పోయింది. ఆ ఐదు రోజులూ ఆవిడ దాని తల దగ్గరే కూర్చుంది. నేను వచ్చినప్పుడల్లా లేచి నిలబడి, చేతులు కడుక్కోవడానికి నీళ్ళు పోసేది.

చచ్చిన పశువుకి రిపోర్టు రాయాలి. బీమాకి అదే ఆధారం, యజమాని తప్పుందంటే డబ్బు రాదు. ఆ సాయంత్రమే పై అధికారి నుంచి ఫోను.

“డాక్టరు గారూ, లైట్ల మాట ఎత్తకండి. ఆరు షెడ్లలోనూ అవే ఉన్నాయి. గచ్చు తడిగా ఉండి జారిందని రాసెయ్యండి. మీకు రిటైర్మెంటు దగ్గర్లో ఉంది కదూ?”

ఆయన బెదిరించాడని చెప్పుకుంటే నాకు సుఖంగా ఉంటుంది. బెదిరించలేదు. నా మేలు కోరుతున్నట్టు మెత్తగా చెప్పాడు. నేనూ అంత మెత్తగానే లొంగిపోయాను. ‘యజమాని గచ్చును తడిగా ఉంచిన కారణంగా, నిర్లక్ష్యం వల్ల జారిపడి’ అని నా దస్తూరీతో రాశాను. సాక్షి సంతకానికి మా అసిస్టెంటుని పిలిచాను. తను కాగితం చదివి బల్ల మీద పెట్టేసింది.

“నేను పెట్టనండి సార్. గచ్చు తడిగా లేదండి. మీరు చెయ్యెట్టి చూసేరు కదండీ.”

“చిన్నపిల్లవి, నీకు తెలీదమ్మా,” అన్నాను. అటెండరు చేత సాక్షి సంతకం పెట్టించాను. నెల తిరక్కుండా ఆ అమ్మాయికి నల్లజర్ల వైపు బదిలీ అయింది. నేనేం చెయ్యలేదు. ఆపే ప్రయత్నమూ చెయ్యలేదు.

నేను సన్మానం చేయించుకుని, శాలువా కప్పించుకుని, ‘మూగజీవాల బంధువు’ అనిపించుకుని రిటైరయ్యాను. ఆ మాట అన్నది ఇంజనీరే.

ఈమధ్య ఏలూరు బస్టాండులో మా పాత అసిస్టెంటు కనపడింది. నమస్కారం పెట్టింది. కుశలం అడిగింది. ఆవిడ ఎలా ఉందమ్మా అని నేనే అడిగాను.

“మీకు తెలీదా అండీ? ఆ రిపోర్టులో నిర్లక్ష్యం అని ఉందని ఊళ్ళో పాకిపోయింది కదండీ. చూడి గేదెని చేతులారా చంపుకుందని అన్నారండి. వాటాకి ఇచ్చిన పెయ్యల్ని ఒకళ్ళెనక ఒకళ్ళు తోలుకుపోయారండి. ఇప్పుడు రెండు గేదెలేనండి. ఆవిడ కూడా చేపల చెరువుల మీద మేత మొయ్యడానికి వెళ్తందండి.”

తను బస్సెక్కి వెళ్ళిపోయింది. నేను అక్కడే బల్ల మీద కూర్చుండిపోయాను. కోపం ఎవరి మీదో తేల్చుకోవడానికి ప్రయత్నించాను. అధికారి మీద వచ్చింది, ఇంజనీరు మీద వచ్చింది. వాళ్ళ మీద ఎంత తోసినా నా దగ్గర ఇంకా మిగిలే ఉంది. మర్నాడు బస్సెక్కి ఆ పల్లెకి వెళ్ళాను.

సాయంత్రం పాలు పోసే వేళ. పాల కేంద్రం ముందు ఇరవై మంది దాకా క్యానులతో వరసలో ఉన్నారు. ఆవిడా ఉంది. బాగా చిక్కిపోయింది. నన్ను చూసి పక్కకి జరిగి దారి ఇచ్చింది. నేను అందరికీ వినపడేలా చెప్పాను, ఆ రోజు గచ్చు పొడిగా ఉందని, నేను తడిమి చూశానని, కాగితంలో అబద్ధం రాశానని.

పాలు కొలిచే ఆయన కొలవడం ఆపాడు. ఆవిడే అంది.

“నోటిమాట ఎందుకండీ. నా తప్పని కాగితం మీద రాశారు గదా. ఇదీ కాగితం మీదే రాయండి.”

గొంతు పెంచలేదు. అండీ అన్న మాట వదల్లేదు. కాని ఆ మాట నా మీద దెబ్బలా పడింది. పాలు కొలిచే ఆయన నోటు పుస్తకంలోంచి కాగితం చింపి ఇచ్చాడు. అరుగు మీద కూర్చుని రాశాను. గచ్చు పొడిగా ఉందని, ఊక చల్లి ఉందని, యజమాని నిర్లక్ష్యం ఏమీ లేదని, లైటు వెలుతురుకి, నీడలకి బెదిరి పశువు పడిందని, నా రిపోర్టు తప్పని. రిటైరైన డాక్టరు సంతకానికి ఏ ఆఫీసులోనూ విలువ లేదని తెలుసు. అయినా సంతకం పెట్టి, హోదాతో సహా రాసి ఆవిడకి ఇవ్వబోయాను.

ఆవిడ తీసుకోలేదు. పాలు కొలిచే ఆయన వైపు చూపించింది. ఆయన పైకి చదివాడు. ఆవిడ మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాడు. నా మనసు కొంచెం తేలికపడటం మొదలైంది కూడా.

“ఇంకోటి రాయలేదండీ,” అంది.

“ఏవిటమ్మా?”

“గోనె ఎవరు తీయించేరో.”

ఇరవై మందీ నా వంకే చూస్తున్నారు. నిజం చెప్పడానికని పనిగట్టుకుని ఏలూరు నుంచి వచ్చాను. ఆ నిజంలో కూడా లైటుని ముందు నిలబెట్టి నేను తప్పించుకున్నాను. మరిచిపోయి కాదు. రాస్తున్నప్పుడు ఆ వాక్యం దగ్గర ఒక్క క్షణం ఆగాను, ఆగి దాటేశాను. ముప్పై ఏళ్ళ అలవాటు అది, చెయ్యి దానంతట అదే తప్పుకుపోయింది.

కాగితం వెనక్కి తీసుకున్నాను. సంతకం కింద చోటు లేదు. వెనక వైపు తిప్పి రాశాను, ‘గోనె తీయించింది నేను.’ దాని కింద మళ్ళీ సంతకం పెట్టాను. పాలు కొలిచే ఆయన అదీ చదివాడు.

అప్పుడు ఆవిడ చెయ్యి చాపి కాగితం తీసుకుంది.